ఆషాఢం లోపు కింది వాటా

జూన్ 4, బుధవారం

ఎండ. గాలి లేదు. పొద్దున్నే వంటింట్లో నీళ్ల డ్రమ్ము కడిగి నింపాను.

సుగుణ ఆస్పత్రికి రానంటోంది. ఇరవై ఏడున తీసుకురమ్మన్నారు. గుండె పరీక్ష మళ్లీ చేయాలి, మందు మార్చాలి. "మళ్లీ ఆ కుర్చీలో మోసుకెళ్లేట్టయితే నేను రాను" అంది. అంతే. గోడవైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్‌లో నా స్నేహితుడు మస్తాను, నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మూడో అంతస్తు నుంచి దించాం. మెట్ల మలుపులో కుర్చీ కాలు గోడకు కొట్టుకుని పక్కకు ఒరిగింది. పడలేదు. కానీ రెండో అంతస్తు వాళ్లు తలుపులు తీసుకుని చూశారు. వాళ్ల పిల్లలకు పాఠం చెప్పే మనిషి. కళ్లు మూసుకుంది. తిరిగి పైకి తెచ్చేదాకా తెరవలేదు.

మెట్లు ఎక్కకూడదని డాక్టరు అప్పుడే చెప్పారు. దిగితే దిగవచ్చు, అదీ నెమ్మదిగా. ఎక్కడం మాత్రం లేదు. ఈ మేడకు లిఫ్టు లేదు.

"కింద ఇల్లు చూడండి. అక్కణ్ణించి ఎక్కడికైనా నడిచి వస్తాను."

ఇరవై అయిదు అమావాస్య. మర్నాటి నుంచి ఆషాఢం. నెలంతా ఎవరూ ఇల్లు మారరు, కొత్తవాళ్లను దిగనివ్వరు. ఆ లోపు కింది వాటా దొరకాలి. తెనాలిలో. కాకపోతే చుట్టుపక్కల. ఎక్కడైనా.

జూన్ 5

దుగ్గిరాల. కొట్లో పసుపు బస్తాలు తక్కువ, లెక్కలు తొందరగా తేలాయి. ఇంటికి వచ్చేసరికి ట్యూషన్ నడుస్తోంది. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని, పిల్లలు చాప మీద.

నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఈ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నవే. ఏడో తరగతితో ఆగినవాణ్ణి. ఆమెకు తెలుసు. నేను వచ్చి నిలబడితే గొంతు కొంచెం పెంచుతుంది.

ఈరోజు పాఠం మేడ. పలక మీద మేడ బొమ్మ గీసింది. గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్, సెకండ్, థర్డ్. పైన టెర్రస్. ఎవరు ఎక్కడ ఉంటారో ఇంగ్లీషులో చెప్పాలి.

మొదటి అంతస్తు వాళ్ల జాహ్నవి లేచింది. "మేడమ్, అయామ్ లివింగ్ ఇన్ ఫస్ట్ ఫ్లోర్."

"ఇన్ కాదమ్మా, ఆన్. ఫ్లోర్ మీద ఉంటే ఇల్లు. ఫ్లోర్ లోపల ఉంటే గొయ్యి."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

కొన్ని దేశాల్లో నేల మీద ఉన్నదాన్నే ఫస్ట్ ఫ్లోర్ అంటారట. జాహ్నవి వేళ్ల మీద లెక్క వేసింది. "అయితే అక్కడ మీరు ఫోర్త్ ఫ్లోర్ మేడమ్!"

"ఆ దేశం మనకొద్దు తల్లీ. ఉన్న మూడే దిగలేక చస్తున్నా."

జూన్ 8, ఆదివారం

మస్తానుతో ఊరంతా తిరిగాను. వాడు ఇళ్లకు రంగులు వేస్తాడు. అద్దె ఇల్లు ఖాళీ అయితే ముందు వాడికే తెలుస్తుంది, టులెట్ బోర్డు కట్టేముందు సున్నం కొట్టించాలి కనుక.

మొదటి ఇల్లు. బ్రోకరు ఫోన్‌లో గ్రౌండ్ ఫ్లోరే అన్నాడు. వెళ్తే కింద షట్టర్లు, కొట్లు. ఇల్లు పైన. "కొట్లని ఎవరు లెక్కేస్తారండి? ఇళ్లల్లో ఇదే గ్రౌండు" అన్నాడు. మస్తాను వాడి ముందే నాతో అన్నాడు: "బావా, ఈయన్ని పైనుంచి తోస్తే గ్రౌండేదో ఆయనకే తెలుస్తది."

రెండో ఇల్లు నిజంగానే నేల మీద. ఒక్క గడప. లోపల చల్లగా ఉంది. ఇంటాయన మంచిగా మాట్లాడాడు. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. నిజం చెప్పాను.

"ఏమనుకోకండి. పేషెంట్లుంటే ఇవ్వమండి. రేపు ఏదన్నా జరిగితే, నక్షత్రం మంచిది కాకపోతే, ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. పైన మేం కాపరం ఉంటున్నాం కదా."

ఆయన తప్పేముంది? రేపు నాకో ఇల్లుంటే నేనూ అదే అడుగుతానేమో.

దారిలో మస్తాను — "మాకీ నక్షత్రాల గోల లేదు బావా. చెల్లెమ్మని మా ఇంటికి తెచ్చెయ్."

"నువ్వే వీధిలో మంచం వేసుకుని పడుకుంటున్నావు గదరా."

"అదీ నిజమేలే."

జూన్ 10

కాళ్ల వాపు పెరిగింది. ఎవరి ఇల్లూ చూడలేదు. దుగ్గిరాల వెళ్లి వచ్చాను.

జూన్ 11

కొట్లో ఇద్దరిని ఇంటి సంగతి అడిగాను. ఇద్దరిదీ ఒకే ప్రశ్న, ఎవరెవరు ఉంటారని. ఒకాయన దుగ్గిరాలలోనే ఉందన్నాడు. ఆమె సంగతి వినగానే, అబ్బే, మా తమ్ముడు వస్తానన్నాడు, మరిచిపోయాను అన్నాడు.

జూన్ 12

సెలవు పెట్టాను. పొద్దున్న కూరగాయల బండి. బాల్కనీలోంచి తాడుకు బుట్ట కట్టి దించడం ఆమె పనే. ఈరోజు నేను పట్టుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుని కేకేసింది.

"సుబ్బులూ! ఆ వంకాయలు వెయ్యకు, పుచ్చులున్నాయి."

కింద నుంచి సుబ్బులు — "మూడో అంతస్తు నించి పుచ్చులు కనపడతన్నాయా టీచరమ్మా! కళ్లా, దుర్భిణీలా?"

"పుచ్చు వంకాయని నీ మొహం చూసే చెప్తాను."

"అయితే దిగొచ్చి చెప్పండి, అర కిలో ఊరికే ఇస్తా."

మాట జారిపోయింది. సుబ్బులు నాలిక కరుచుకుని ఉంటుంది. చాలాసేపు తాడు కదలలేదు. బుట్ట పైకి వచ్చాక చూస్తే వంకాయలు అన్నీ లేతవి. ఒక నిమ్మకాయ ఎక్కువ వేసింది.

"నేను అడిగేది పెద్దదేం కాదండీ. వీధిలో బండి పక్కన నిలబడి ఒక్కసారి బేరమాడాలి" అంది సుగుణ. నేను కూర తరగడానికి వెళ్లిపోయాను.

జూన్ 13

కొత్త అపార్టుమెంటులో సెల్లార్ గది ఉందన్నారు. వాచ్‌మన్ కోసం కట్టింది. కిటికీ లేదు. ఒక పక్క మోటారు సైకిళ్లు, ఒక పక్క డీజిల్ వాసన. గోడకు మోకాలి ఎత్తున నీటి చార. నిరుడు వానకు ఎక్కిందట.

ఇంటికి వచ్చి ఇంగ్లీషులో దాన్ని ఏమంటారని అడిగాను. "బేస్‌మెంట్. ఇన్ ద బేస్‌మెంట్. దానికి మాత్రం ఇన్" అంది. ఎందుకడిగానని అడగలేదు. తర్వాత తనే — "నేలమీదికి పొమ్మంటే నేల కిందికి పోతున్నారా?"

జూన్ 15, ఆదివారం

బాపట్ల. ఉప్పు గాలి. ఇల్లు స్టేషనుకు దగ్గరే. ఇంటాయన రిటైరైనవాడు. పైన ఆయన, కింది వాటా ఖాళీ. మస్తాను రాలేదు, రేపల్లెలో పని.

ఈసారి నిజం చెప్పకూడదని రైల్లోనే అనుకున్నాను. ఇద్దరమే అన్నాను. ఆవిడ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది అన్నాను. అదీ నిజమే. ఆయనకు నచ్చింది. మంచినీళ్లు ఇచ్చాడు. కొబ్బరి చెట్టు చూపించాడు, కాయలు మీరూ కోసుకోవచ్చు అన్నాడు. బుధవారం వచ్చి దిగండి, మంచిరోజు అన్నాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను.

బయటికి వస్తూ బాత్‌రూమ్ తలుపు దగ్గర ఆగాను. గోడ నున్నగా ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. నా నోరు ఎప్పుడూ నా మాట వింటుంది. ఆ ఒక్క క్షణం వినలేదు.

"ఇక్కడ పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించుకోవచ్చాండి?"

"ఎవరికండి?"

నేను చెప్పకపోయినా ఆయనకు అర్థమైంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు. నా నెంబరు మాత్రం అడగలేదు.

తిరుగు రైలు కిక్కిరిసింది. తెనాలి దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాను.

జూన్ 16

బాపట్ల ఇల్లు బాగాలేదని చెప్పాను. "కొబ్బరి చెట్టుందన్నారు ఫోన్లో?" అంది. ఉందన్నాను. 

సాయంత్రం పిల్లలకు ల్యాండింగ్ అనే మాట చెప్పింది. మెట్లు మలుపు తిరిగేచోట ఉండే చదునైన జాగా. ఆన్ ద ల్యాండింగ్. హాఫ్‌వే అప్ ద స్టెయిర్స్. తెలుగులో ఏమంటారని జాహ్నవి అడిగితే ఆలోచించింది. "మెట్ల మలుపు అంటాం. ఆగే చోటు అని మాత్రం మనవాళ్లు పేరు పెట్టలేదు. ఆయాసం లేనివాళ్లు కట్టారు కాబోలు."

అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్. వీటి ముందు ఇన్ను, ఆన్ను, టూ, ఏమీ రావట. గో డౌన్‌స్టెయిర్స్. అంతే. పట్టుకోవడానికి ఏమీ లేకుండా నిలబడే మాట. పిల్లలు వెళ్లిపోయాక నేను వంటింట్లో రెండుసార్లు అనుకున్నాను.

జూన్ 17

ఉదయం ఆమెకు ఆయాసం. కిటికీ దగ్గర కుర్చీ వేశాను. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు భయం.

జూన్ 18

దుగ్గిరాల వెళ్లాను. కూడికలో రెండుచోట్ల తప్పు. షావుకారు చూసి దిద్దాడు.

బాపట్లలో ఈరోజే దిగాల్సింది.

నాకు దేవుణ్ణి అడగడం చేతకాదు. మనుషులను అడగడం అంతకంటే చేతకాదు. ఇన్నాళ్లూ ఎవరినీ ఏదీ అడగకుండా బతకడమే మర్యాద అనుకున్నాను. ఇప్పుడు వీధి వీధీ తిరిగి, మా ఆవిడ మీ ఇంట్లో చావదండి అని పూచీ ఇవ్వాల్సి వస్తోంది. ఆ పూచీ నేనెలా ఇస్తాను? ఎవరివ్వగలరు?

ఇరవై ఏడున వెళ్లకపోతే మందు మారదు. మందు మారకపోతే... కుర్చీలో కట్టేసి అయినా తీసుకెళ్లాలి. ఆమె కళ్లు మూసుకుంటే నేనూ మూసుకోవాలి. కూరలో ఉప్పు మరిచాను. తినేసింది.

మస్తాను ఫోన్ చేశాడు. "బావా, రేపు పొద్దున్నే రేపల్లె బండెక్కు. మాటలు తక్కువ, అర్జెంటు."

జూన్ 19, గురువారం

మబ్బు. రేపల్లె. మస్తాను స్టేషన్లోనే నిలబడి ఉన్నాడు, జుట్టు నిండా సున్నం. నడుస్తూ చెప్పాడు.

"ఇల్లు బంగారం. కిందదంతా ఖాళీ. పైన ఇంటావిడ నాగరత్నమ్మగారు ఒక్కతే. కానీ దసరా నించి ఎవరూ దిగలా. అద్దెకున్న పెద్దాయన అందులోనే పోయాడు, నిద్రలో. నక్షత్రం బాగాలేదని ఆర్నెల్లు తాళమేశారు. తీసి శాంతి చేయించారు, ఇప్పుడు నాతో రంగులేయిస్తన్నారు. అయినా ఒక్కడూ రావట్లా. నీకు చెప్పొద్దంది."

"మరి చెప్పావేంరా?"

"నేను చెప్పలా. నువ్వు వినలా."

వీధిలోంచి అరుగు ఎక్కడానికి ఒక్క మెట్టు. చెప్పులు విప్పి గదుల్లో నడిచాను. చల్లటి గచ్చు. పెరట్లో పంపు. వంటింటి కిటికీలోంచి వీధి కనిపిస్తుంది, బండ్లు అరుగు పక్కనే ఆగుతాయి.

బాత్‌రూమ్‌లో అప్పటికే కడ్డీ ఉంది. కొత్తది. మస్తాను వైపు చూశాను. వాడు గోడకు బ్రష్షు రాస్తూ — "తువ్వాలు ఆరేసుకోడానికని ఇంటావిడకి చెప్పా."

నాగరత్నమ్మగారు మెట్లు దిగి వచ్చింది. పెద్దావిడ, మర్యాదస్తురాలు.

"ఎంతమంది బాబూ?"

"ఇద్దరమేనండి."

"అమ్మాయి ఏం చేస్తుంది?"

"పిల్లలకు ఇంగ్లీషు చెబుతుందండి."

తర్వాతి ప్రశ్న కోసం చూశాను. ఆవిడ అడగలేదు. నా ప్రశ్న కోసం చూసింది. నేనూ అడగలేదు. నీళ్లకు లోటు లేదంది. నాకు ఈ వీధి బాగా నచ్చిందన్నాను. ఇద్దరం ఆ ఖాళీ గది మధ్యలో ఒకరి కాళ్లు ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం.

"మంగళవారం వద్దు. బుధవారం అమావాస్య. సోమవారం మధ్యాహ్నం లోపు పాలు పొంగించేసుకోండి. మా మరిది తెనాల్లోనే ఉంటాడు, మీ గురించి ఓసారి అడగమంటాలెండి. ఊరికే, పద్ధతికి."

సరేనండి అన్నాను. మరిదికని మా మేడ అడ్రసు ఇచ్చాను, అక్కడ ఎవరిని అడిగినా సుగుణ సంగతి చెబుతారు.

జూన్ 20

చెప్పాను. కింది వాటా అని, అరుగు అని, వీధి అని. ఆమె పూర్తిగా విన్నది. తర్వాత అడిగింది.

"ఎవరు పోయారు ఆ ఇంట్లో?"

నేను లేచి కూజాలోంచి నీళ్లు వంచుకున్నాను.

"మంచి వీధిలో, కింది వాటా, ఇన్నాళ్లు ఖాళీ... నాకా మాత్రం తెలియదా ఏంటి?"

చెప్పాను.

"నా సంగతి ఆవిడకి చెప్పారా?"

"లేదు."

"ఆవిడ ఆ సంగతి మీకు చెప్పిందా?"

"లేదు."

నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "బాగుంది. పైన ఒక అబద్ధం, కింద ఒక అబద్ధం. మెట్ల దగ్గర ఎదురుపడితే నమస్కారాలు పెట్టుకుంటాం."

తర్వాత, చాలా నెమ్మదిగా — "మంచిదేలెండి. ఒకరు పోయిన ఇంట్లో రెండోవాళ్లకి తిట్లుండవు."

డాబా మీదికి వెళ్లి బట్టలు తీసుకొచ్చాను. చాలాసేపు పట్టింది. బట్టలు నాలుగే.

జూన్ 21

పిల్లలకు చెప్పింది. చివరి క్లాసులో మళ్లీ మేడ పాఠమే. ఎవరూ చాప మీంచి లేవలేదు. జాహ్నవి కళ్లు తుడుచుకుంటూనే — "రేపల్లెలో ఏ ఫ్లోర్ మేడమ్?" సుగుణ తనే పూర్తి వాక్యం చెప్పింది. "ఐ విల్ లివ్ ఆన్ ద గ్రౌండ్ ఫ్లోర్." గొంతు స్థిరంగా ఉంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

సాయంత్రం కింద సుబ్బులు నన్ను ఆపింది. "బాబుగారూ, ఎవరో తెల్లచొక్కా ఆయన మీ గురించి అడిగాడు. టీచరమ్మకి ఒంట్లో ఎట్టుందని కూడా."

"నువ్వేమన్నావు?"

"నన్ను బేరాల్లో ఏడిపించుకుతింటది, నిక్షేపంలా ఉందన్నా." కూరల మీద నీళ్లు చల్లింది. "కానీ పైన ఇంకో ఇద్దర్నీ అడిగెళ్లాడండీ."

జూన్ 22, ఆదివారం

సామాను కట్టాను. రేపల్లె నుంచి ఫోన్ రాలేదు. మస్తాను, నేను కుర్చీ గురించి మాట్లాడుకుంటుంటే ఆమె విన్నది.

"కుర్చీ లేదు. నేనే దిగుతాను. కూర్చుని, ఒక్కొక్క మెట్టు. డాక్టరు దిగొచ్చన్నారుగా."

దిగవచ్చు. ఎక్కకూడదు. రేపు మెట్లు దిగడం మొదలుపెట్టాక వెనక్కి రావడం ఉండదు. అది ఆమెకూ తెలుసు. నాకు ఫోన్ చూడాలంటే భయంగా ఉంది.

జూన్ 23, సోమవారం

సన్నగా వాన. తెల్లారే గదులు చిమ్మి, తాళం చెవి ఇంటాయనకు ఇచ్చాను. మస్తాను సామాను వ్యాను తీసుకుని ముందు వెళ్లాడు. కింద ఆటో ఉంది.

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఆమె చెప్పింది. "మీ పుస్తకం తీసి రాసుకోండి. నా మొహమే చూస్తూ కూర్చుంటే ఆయాసం ఎక్కువవుతోంది."

నేను కింద మెట్టు మీద, ఆమె పై మెట్టు మీద. మెట్టు మెట్టుకూ పాత దుప్పటి మడత పరిచాను. ఇప్పటికి రెండో అంతస్తు దాటాం. వాళ్ల తలుపు తెరిచే ఉంది. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. "పిల్లకి ఎక్కాలు మరిచిపోనివ్వకండి" అని చెప్పి కదిలింది. పిల్ల తల్లి లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది.

పిల్లలు బడికి పోలేదు. అంతస్తుకు ఒకరు నిలబడ్డారు. పైనున్నవాళ్లు కిందవాళ్లకు కేకలు వేస్తున్నారు.

"షి ఈజ్ ఆన్ ద సెకండ్ ఫ్లోర్!"

"కాదే, దాటేశారు! షి ఈజ్ ఆన్ ద ల్యాండింగ్!"

"ఈజ్ షి కమింగ్ డౌన్‌స్టెయిర్స్?" ఇది జాహ్నవి, అట్టడుగున. సుగుణ పెదవులు కదిలాయి. తప్పు లేదు అన్నట్టు తల ఊపింది. మాట రాలేదు.

ల్యాండింగ్ మీద ఆగి ఉన్నాం. గోడకు తల ఆనించింది. పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయి. కింద వీధిలో సుబ్బులు బండి గంట. బండి కదలలేదు, మేడ గుమ్మం ముందే ఆపినట్టుంది.

ఫోన్ మోగుతోంది. రేపల్లె, నాగరత్నమ్మగారు.

ఎత్తలేదు. సుగుణ చూసింది. ఎవరని అడగలేదు.

మోత ఆగింది.

పైన తాళం. ఎక్కడం లేదు. కింద... ఆవిడ ఏం చెబుతుందో. పాలు పొంగించడానికి ఎక్కడున్నారని అడగడానికే చేసిందేమో. అంతే అయి ఉండవచ్చు. మరిది వచ్చి చెప్పాడేమో.

మళ్లీ మోగుతోంది. వాన పెరిగింది. ఆమె మెట్ల కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. కూర్చుని దిగమన్నానా, వినడం లేదు. నిలబడే దిగుతుందట, సుబ్బులు చూస్తుందట. చెయ్యి చాపింది. "ఏమండీ, అది మూసెయ్యండి. రండి." ఫోన్ జేబులో అదురుతూనే ఉంది. పాలగిన్నె ఆటోలో పెట్టానో, పైన వంటింటి గట్టు మీదే